పత్తిరాజు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్

మా ఇంట్లో పత్తి అనే మాట ఒంటరిగా వినిపించదు. దాని వెనకాలే ధర అనే మాట వస్తుంది. పల్నాటి వైపు నల్లరేగడిలో మాకు నాలుగెకరాల సొంత చేను, మరో మూడెకరాల కౌలు ఉన్నాయి. పత్తితీతలు మొదలైన నాటినుంచి చివరి బోరెం బండెక్కే దాకా మా నాన్న మొహం చూసి ఆ రోజు మార్కెట్టు ఎట్లా ఉందో చెప్పవచ్చు. అటువంటి ఇంట్లోంచి వచ్చి ఇక్కడ బి.యస్సీ.లో వృక్షశాస్త్రం చదువుతున్నాను. ఈ సావనీరుకు ఎవరైనా ప్రసిద్ధుల జీవితం రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, అందరూ రాసే శాస్త్రజ్ఞుల పేర్లు పక్కన పెట్టి ఒక పత్తి దళారిని ఎంచుకున్నాను. దళారి అంటే మావైపు ఏమంత గౌరవమైన మాట కాదు. అది తెలిసే ఎంచుకున్నాను.

పోయిన ఏడాది మా క్లాసు విజ్ఞానయాత్రకు ముంబయి వెళ్ళింది. ఈ వ్యాసం నిండా పాతకాలం సంగతులే గనక ఇకమీదట బొంబాయి అనే రాస్తాను. సముద్రపు ఒడ్డున రాళ్ళమీద పెరిగే నాచుమొక్కలు సేకరించడం మా పని. మూడోరోజు సాయంత్రం ఓవల్ మైదానం పక్కన బస్సుకోసం నిలబడ్డాం. మైదానానికి తూర్పున వరసగా పాత రాతిమేడలు. పాత సెక్రటేరియట్, యూనివర్సిటీ స్నాతకోత్సవ భవనం, లైబ్రరీ, హైకోర్టు. ఆ వరసలో లైబ్రరీ నెత్తిన ఒక గడియార గోపురం లేచి ఉంది. మెడ బాగా వెనక్కి వంచితే తప్ప శిఖరం అందదు. దాని పేరు రాజాబాయి టవర్ అనీ, కట్టించిన డబ్బు పత్తిలోంచి వచ్చిందనీ మాతో వచ్చిన లెక్చరర్‌గారు చెప్పారు. పత్తి అనేసరికి నా చెవులు నిక్కాయి. ఎవరి పత్తి, ఏ ధరకి అమ్మారు అని అడిగాను. మిత్రులు నవ్వారు. ఆయన మాత్రం నవ్వకుండా ఒక పేరు చెప్పి, కాలేజీకి వెళ్ళాక లైబ్రరీలో వెతుక్కోమన్నారు. ఆ వెతుకులాట ఫలితమే ఈ నాలుగు పేజీలు.

ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ 1831లో సూరత్‌లో ఒక జైన కుటుంబంలో పుట్టాడు. తండ్రి రాయ్‌చంద్ దీప్‌చంద్ కలప వ్యాపారి. తల్లి రాజాబాయి. మొగలాయీల కాలంలో పడమటి తీరానికంతటికీ పెద్దరేవుగా వెలిగిన సూరత్ అప్పటికి వెలవెలబోయింది. వ్యాపారం బొంబాయికి తరలిపోతుంటే దాని వెనకాలే కుటుంబాలూ తరలిపోయాయి. వాళ్ళలో వీళ్ళొకరు. పిల్లవాణ్ణి బొంబాయిలో ఎల్ఫిన్‌స్టన్ విద్యాసంస్థలో వేసి ఇంగ్లీషు చెప్పించారు. ఆ రోజుల్లో దళారుల ఇళ్ళలో ఇది కొత్త. దళారికి కావలసింది వేళ్ళమీద లెక్క, ముఖం చూసి మనిషిని అంచనా కట్టే నేర్పు. ఇంగ్లీషు దొరల కంపెనీలతో మాట్లాడవలసి వస్తే దుబాసీ ఉండనే ఉంటాడు.

ఇరవయ్యేళ్ళు నిండకముందే రతన్‌చంద్ లాలా అనే దళారి దగ్గర పనికి కుదిరాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, ఈ కుర్రవాడికి వచ్చు. ఇంగ్లీషు చదవడం, రాయడం, మాట్లాడటం మూడూ వచ్చిన మొదటి దేశీ షేరు దళారి ప్రేమ్‌చందే అంటారు. ఇప్పుడు నా వయసు ఇరవై. ఈ వయసుకి ఆయన బ్యాంకు దొరల గదుల్లోకి నేరుగా వెళ్ళి బేరం మాట్లాడుతున్నాడు. నేను స్టేట్ బ్యాంకులో స్కాలర్‌షిప్పు ఫారం నింపడానికి ఇద్దర్ని అడుగుతాను. (ఆ స్టేట్ బ్యాంకుకీ ఈ కథకీ చుట్టరికం ఉంది, తరవాత వస్తుంది.) ఆయన జ్ఞాపకశక్తి గురించి బొంబాయిలో చాలాకాలం చెప్పుకున్నారు. ఎన్ని వందల బేరాలైనా కాగితం మీద పెట్టకుండా మనసులోనే పద్దు నడిపేవాడట.

అప్పటి బొంబాయి ఇప్పుడు మనం చూసే బొంబాయి కాదు. ఊరికి చుట్టూ కోటగోడ. ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళకు భయపడిన కాలంలో బలపరచుకున్నది. గోడ లోపల ఇరుకు సందులు, గోదాములు, ఇళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉండేవి. 1833లో పూర్తయిన టౌన్‌హాలు ముందు పెద్ద ఖాళీస్థలం ఉండేది. అక్కడ పత్తిబేళ్ళు కుప్పలు వేసేవారు. 1844 ప్రాంతంలో ఆ పత్తిమైదానాన్ని కొలాబా వైపు మార్చారు. టౌన్‌హాలు ఎదుట మర్రిచెట్లు మిగిలాయి. షేర్ల బేరగాళ్ళు ఆ నీడన చేరారు. అయిదారుగురో, పదిమందో. దేశంలో షేర్ మార్కెట్టు అన్నది చెట్టుకింద పుట్టింది. మా ఊళ్ళో పంచాయితీ కూడా చెట్టుకిందే గనక నాకిది వింతగా అనిపించలేదు.

అక్కడినుంచి కథ అమెరికాకి పోవాలి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. లాంకషైర్ మిల్లులు అప్పటిదాకా అమెరికా దక్షిణరాష్ట్రాల పత్తిమీద బతికేవి. ఆ పత్తిని తీసింది బానిసల చేతులు. ఉత్తరరాష్ట్రాల నౌకలు దక్షిణపు రేవుల్ని దిగ్బంధించేసరికి, 1861లో ఇంగ్లండుకి వచ్చిన 20 లక్షల బేళ్ళు మరుసటి సంవత్సరానికి 55 వేలకి పడిపోయాయి. మిల్లులు మూతబడ్డాయి, పనివాళ్ళు పస్తులు పడ్డారు. అప్పుడు వాళ్ళ చూపు ఇండియామీద పడింది.

మన దేశవాళీ పత్తికి అదివరకు అక్కడ మంచిపేరు లేదు. ఇక్కడ నా సబ్జెక్టు కొంచెం పనికొస్తుంది. అమెరికా పత్తిది పొడవైన పింజ. మన పాత రకాలది పొట్టిపింజ. జాతే వేరు. మన దేశవాళీ మొక్క కణంలో 26 క్రోమోసోములుంటే అమెరికా మొక్కలో 52 ఉంటాయి. పొడవు పింజకోసం బిగించిన మరల మీద పొట్టిపింజ పెడితే దారం మాటిమాటికీ తెగుతుంది. అందుకే బొంబాయినుంచి పోయే పత్తికి వాళ్ళు పెట్టిన సూరత్ అన్న పేరు లాంకషైర్‌లో తిట్టుకింద చలామణీ అయింది. పింజ ఒక్కటే కాదు, మనవాళ్ళు బేళ్ళలో గింజలు, మట్టి, రాళ్ళు కలిపేవారు. దాన్ని ఆపడానికి 1863లో బొంబాయి ప్రభుత్వం ప్రత్యేకంగా చట్టమే చేయవలసి వచ్చింది. నవ్వుకునేముందు నిజం చెప్పాలి. బరువుకోసం పత్తిమీద నీళ్ళు చల్లడం నేను కళ్ళారా చూశాను, ఏ ఊళ్ళో అన్నది అడగవద్దు.

ఎంత పొట్టిపింజ అయినా ఆకలికి రుచి ఏముంది? లివర్‌పూల్‌లో పౌను నాలుగయిదు పెన్నీలున్న సూరత్ పత్తి 1864 నాటికి ఇరవై పెన్నీలు దాటింది. బొంబాయి జనం పాతపరుపులు, బొంతలు విప్పి ఆ దూది కూడా అమ్ముకున్నారు. దక్కనులో పత్తివేసిన నేల నాలుగేళ్ళలో రెట్టింపయింది. ఆ వేడి మన తీరానికీ తగిలింది. గుంటూరు సీమ పత్తి కాకినాడ రేవునుంచి ఓడలెక్కిన రోజులవి. కొకనాడా అనే పేరుతోనే మన పత్తిరకం ఒకటి విదేశీ మార్కెట్లో చలామణీ అయింది. మా తాతల తాతలు ఆ నాలుగేళ్ళలో ఏం తిన్నారో, ఏం దాచారో మా ఇంట్లో చెప్పే పెద్దవాళ్ళు ఇప్పుడు లేరు.

ప్రేమ్‌చంద్ ప్రతిభ బయటపడింది ఈ నాలుగేళ్ళలోనే. పత్తివ్యాపారం అంటే నిజానికి వార్తల వ్యాపారం. లివర్‌పూల్ ధర ఎవరికి ముందు తెలిస్తే వాడిదే లాభం. సూయజ్ కాలువ ఇంకా తవ్వుతున్నారు. సీమ టపా స్టీమరులో రావాలి. స్టీమరు రేవుకి చేరకముందే చిన్నపడవల్లో మనుషుల్ని సముద్రంలోకి పంపించి, ధరలు తెలుసుకుని, తక్కినవాళ్ళు నిద్రలేచేసరికి ఆయన కొనుగోళ్ళు పూర్తిచేసేవాడని చెబుతారు. ఊళ్ళలోకి మనుషుల్ని పంపి పత్తి కొనిపించాడు. ముప్ఫయ్యేళ్ళు దాటీదాటకముందే పత్తిరాజు అనిపించుకున్నాడు.

ఆ నాలుగయిదేళ్ళలో మామూలుగా వచ్చేదానికి పైన బొంబాయికి అదనంగా వచ్చిపడ్డ డబ్బు 8 కోట్ల 10 లక్షల పౌన్లని లెక్క. రూపాయల్లో దాదాపు 81 కోట్లు. అంత డబ్బు ఒక్క ఊళ్ళో, ఒక్కసారిగా! దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక జనం కంపెనీలు పెట్టారు. 1865 జనవరి నాటికి బొంబాయిలో 31 బ్యాంకులు, 20 ఇన్సూరెన్సు కంపెనీలు, సముద్రాన్ని పూడ్చి నేల చేసే కంపెనీలు ఎనిమిది. వీటిలో బ్యాక్‌బే కంపెనీ మహాప్రసిద్ధం. అయిదువేల రూపాయల షేరు యాభైవేలకి ఎక్కింది. షేరు అంటే ఇంకా సముద్రంలో ఉన్న నేలమీద కాగితం! గుమాస్తాలు, వంటవాళ్ళు, బండివాళ్ళు కూడా కొన్నారు. కొత్త కంపెనీ ఏది పెట్టినా దానివెనక ప్రేమ్‌చంద్ ఉన్నాడంటే చాలు, బెల్లం చుట్టూ ఈగల్లా మూగేవారు. షేర్లు ఎవరికి ఎన్ని ఇవ్వాలో ఆయన మాటమీద నడిచింది. ఆయన బంగళా ముందు తెల్లవారకముందే జనం బారులు తీరేవారు.

అదే సమయంలో గవర్నరు బార్టిల్ ఫ్రియర్ పాత కోటగోడల్ని పడగొట్టించాడు. ఆయన 1862లో వచ్చి 1867 దాకా ఉన్నాడు. గోడలు పోయినచోట విశాలమైన నేల దొరికింది. ఊరు ఊపిరి పీల్చుకుంది. ఆ నేలమీద ప్రభుత్వ కచేరీలు, కోర్టు, పోస్టాఫీసు, యూనివర్సిటీ అన్నీ ఒక పద్ధతిలో వరసగా కట్టాలని సంకల్పించాడు. పాత పత్తిమైదానం స్థలంలో వలయాకారంగా వాణిజ్య భవనాలు లేచాయి. అదే ఎల్ఫిన్‌స్టన్ సర్కిల్, ఇప్పుడు హార్నిమన్ సర్కిల్. 1872లో పూర్తయింది. ఒకటే ఎత్తు, ఒకటే వరస వరండాలు, మధ్యలో తోట. వ్యాపారస్థుల ఆఫీసులు కూడా ఇంత అందంగా ఉండవచ్చునని నేను అక్కడే చూశాను. పత్తిబేళ్ళు దొర్లిన నేల అని మాత్రం ఇప్పుడు ఎవరికీ తోచదు.

బొంబాయి యూనివర్సిటీ 1857లో పుట్టింది కాని దానికి సొంతకొంప లేదు. 1864 ఆగస్టులో ప్రేమ్‌చంద్ లైబ్రరీ కోసం రెండు లక్షల రూపాయలిచ్చాడు. అక్టోబరులో మరో రెండు లక్షలు, గడియారం ఉన్న గోపురం కట్టి దానికి తన తల్లి పేరు పెట్టమని. రాజాబాయి చూపులేని మనిషి అనీ, జైనులు పొద్దుగుంకక ముందే భోజనం ముగించాలి గనక ఆమెకు వేళ తెలియాలని కొడుకు గంట కట్టించాడనీ బొంబాయిలో జనం చెప్పుకుంటారు. గోపురం పూర్తికావడానికి పధ్నాలుగేళ్ళు పట్టింది గనక అన్నేళ్ళు ఆమె వేళ ఎట్లా తెలుసుకుందని సైన్సు విద్యార్థిగా నాకు అనుమానం రాకపోలేదు. అయినా ఈ కథ వింటే మా అమ్మ గుర్తొచ్చింది, అందుకని కొట్టిపారేయబుద్ధి కాలేదు.

ఇవి కాక అహ్మదాబాదులో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల, కలకత్తా యూనివర్సిటీకి రెండు లక్షలు. ఆయనకు కలకత్తాలో ఏం పని? ఏ పనీ లేదు, అయినా ఇచ్చాడు. ఆ నిధితో 1868లో మొదలైన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ స్టూడెంట్‌షిప్పు బెంగాలులో చదువుకు పరాకాష్ఠ అయింది. అశుతోష్ ముఖర్జీ, జదునాథ్ సర్కార్ అది పొందినవాళ్ళే. పేరు వెనక ఆ మూడక్షరాలు పి.ఆర్.ఎస్. రాసుకోవడం వాళ్ళకొక బిరుదు.

ఇక 1865. ఏప్రిల్ 9న అమెరికా దక్షిణసేనాని రాబర్ట్ లీ లొంగిపోయాడు. యుద్ధం ముగిసిందంటే లోకమంతా సంతోషించాలి. బానిసత్వం పోయిందంటే ఇంకా సంతోషించాలి. బొంబాయిలో మాత్రం చావుకబురు చేరినట్టయింది. పత్తిధర కుప్పకూలింది. జూలై 1న తీర్చవలసిన వాయిదా బేరాలు కోట్లలో ఉన్నాయి. ఆ రోజు ఎవరూ ఎవరికీ చెల్లించలేకపోయారు. యాభైవేలన్న బ్యాక్‌బే షేరుని అడిగేవాడు లేడు. టాటాల ఇల్లు కూడా అప్పుడు దెబ్బతిని, తరవాత లేచింది. 1864లో 8,16,562 ఉన్న బొంబాయి జనాభా 1872 లెక్కలకి 6,44,405కి తగ్గింది. బతుకుతెరువుకి వచ్చినవాళ్ళు వచ్చిన దారినే పోయారు.

ప్రేమ్‌చంద్ కూడా మునిగాడు. ఒక్కడే మునిగితే ఈ వ్యాసం రాయడం నాకు సులువయ్యేది. ఆయన అనేకమందిని ముంచాడు కూడా. 1840లో పెట్టిన బ్యాంక్ ఆఫ్ బాంబేలో ప్రభుత్వానికి వాటా ఉండేది, జనం నమ్మకంతో డబ్బు దాచుకునేవారు. ఆ బ్యాంకు పెద్దలమీద ఆయనకున్న పలుకుబడి ఎంతటిదంటే, సరైన హామీ లేకుండా ఆయనకీ, ఆయన చెప్పినవాళ్ళకీ అప్పులిచ్చారు. 1868లో బ్యాంకు మూతబడింది, విచారణ కమిషను కూర్చుంది. ఆ స్థానంలో పెట్టిన కొత్త బ్యాంక్ ఆఫ్ బాంబే 1921లో ఇంపీరియల్ బ్యాంకులో కలిసి, అది 1955లో స్టేట్ బ్యాంకు అయింది. నా స్కాలర్‌షిప్పు వచ్చే బ్యాంకు పూర్వీకుల కథ అది.

గాలికిపోయే పేలపిండి కృష్ణార్పణం అన్నట్టు ఎటూ నిలవని డబ్బు దానం చేశాడు, అందులో గొప్పేముంది అని మా హాస్టలు రూములో ఒక మిత్రుడు వాదించాడు. నేను రెండురోజులు ఆలోచించాను. 1864 అక్టోబరులో పిండి ఇంకా గాలికి పోలేదు. షేర్లు ఎక్కుతున్నాయి. ఆ రెండు లక్షలు అప్పుడు షేర్లలో పెడితే మరో నెలకి ఎంతవుతుందో ఆయనకంటే ఎక్కువ తెలిసినవాడు బొంబాయిలో లేడు. తెలిసీ రాతిగోడలకిచ్చాడు. నా మిత్రుడికి ఈ జవాబు నచ్చింది. కాని వెంటనే ఇంకో ప్రశ్న వేశాడు. బ్యాంకులో దాచుకుని పోగొట్టుకున్నవాళ్ళకి ఆ గోపురం ఏం చెబుతుంది అని. దానికి నా దగ్గర జవాబు లేదు.

డబ్బు పోయింది, రాయి లేచింది. 1869 మార్చి 1న పునాదిరాయి వేశారు. నక్షా గీసింది ఇంగ్లండులో పేరుమోసిన సర్ జార్జ్ గిల్బర్ట్ స్కాట్. ఆయన ఏనాడూ ఇండియాకి రాలేదు, లండనులో కూర్చుని పటాలు పంపాడు. పక్కనే ఉన్న స్నాతకోత్సవ భవనం కూడా ఆయనదే. దానికి పారసీ ధనికుడు కావస్జీ జహంగీర్ లక్ష రూపాయలిచ్చాడు. అది 1874లో ముందుగా పూర్తయింది. గోపురం 1878 నవంబరుకి గాని ముగియలేదు. స్కాట్ అంతకు ఎనిమిది నెలల ముందే, మార్చిలో కన్నుమూశాడు. ఖర్చు మొత్తం అయిదున్నర లక్షల దాకా అయింది. ఎత్తు 280 అడుగులు. గోడలకు కుర్లా దగ్గర తీసిన లేతపసుపు రాయి, చెక్కడాలకు పోరుబందరు సున్నపురాయి. ఉప్పుగాలికి, నాలుగు నెలల వానకి తట్టుకునే రాయి గోడకి, ఉలికి లొంగే రాయి పువ్వులకి. ఈ తెలివి లండను పటాలది కాదు, ఇక్కడి పనివాళ్ళది. గోపురం అడుగు నలుపలకలు, కిందినుంచి గుర్రబ్బండి పోవడానికి కమాను. పైకి పోయేకొద్దీ నలుపలకలు ఎనిమిది పలకలవుతాయి. పైన పడమటి భారతపు వివిధ కులాలవాళ్ళ విగ్రహాలు 24 ఉన్నాయి. తలపాగాలు తప్ప నాకు కిందినుంచి ఏమీ ఆనలేదు. వాళ్ళలో నాగలిపట్టినవాడు ఎవరా అని మాత్రం చాలాసేపు వెతికాను.

రాళ్ళు మోసినవాళ్ళకు విగ్రహాలు ఉండవు. కాని ఒక పేటకి పేరు మిగిలింది. బొంబాయిలో కామాటిపుర అన్న పేరు నిజాం రాజ్యంనుంచి కట్టుబడి పనికి వలసవెళ్ళిన తెలుగు కామాటీలవల్ల వచ్చింది. ఆ పేటకి తరవాత ఏ పేరు వచ్చిందో అందరికీ తెలుసు. మొదట అది మన కూలీల గుడిసెలపేట అని నాకు తెలియదు.

ఒక సంవత్సరం దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. 1875. ఆ సంవత్సరం జూలై 9న బొంబాయి షేరు దళారులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. పెట్టినవాళ్ళలో ప్రేమ్‌చంద్ ఒకడు. ఈనాటి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి అదే. దానికి రెండు నెలల ముందు, మే 12న, పూనా జిల్లాలో సూపా అనే ఊళ్ళో రైతులు వడ్డీవ్యాపారుల దుకాణాలమీద పడి చిట్టాలు, నోట్లు తగలబెట్టారు. మంట ముప్ఫైకి పైగా ఊళ్ళకు పాకింది. పత్తిధర ఎక్కినప్పుడు అడిగినంత అప్పిచ్చినవాళ్ళు, ధర పడగానే చేతులు ముడుచుకుని, పాతబాకీకి పొలాలు రాయించుకున్నారు. అదొక్కటే కారణం కాదు, శిస్తులు కూడా పెరిగాయి. అయినా 1864 పత్తి పద్దు అక్కడ అట్లా చెల్లయింది. మరుసటి సంవత్సరం కరువు వచ్చింది. మనవాళ్ళు ధాత కరువు అన్నది అదే. 1878 దాకా బొంబాయి, మద్రాసు రాజధానులు రెండూ మాడాయి. గోపురం మీది రాళ్ళు ఆ సంవత్సరాల్లోనే పైకి ఎక్కుతున్నాయి.

ప్రేమ్‌చంద్‌ని దీనికంతటికీ దోషిని చేయడం నా ఉద్దేశం కాదు. ధర ఆయన పెంచలేదు, ఆయన పడగొట్టలేదు. ఎక్కుతున్నప్పుడు అందరికంటే ముందు ఎక్కాడు, అంతే. కాని ఆయన మాటమీద ఎక్కినవాళ్ళు దిగలేకపోయారు. ఈ రెండూ కలిపి చూస్తేగాని ఆ మనిషి కనబడడు అని నాకు అనిపించింది. ఒక ముక్క తీసేస్తే దాతో, మోసగాడో మిగులుతాడు, రెండూ అబద్ధమే.

పడిపోయాక ఆయన బతికిన తీరు నాకు అన్నిటికంటే నచ్చింది. దివాలాతీసిన వాళ్ళు కొందరు ఊరు విడిచారు. ఆయన విడవలేదు. ఆస్తులు అప్పులవాళ్ళకు అప్పగించి, మళ్ళీ దళారీపనే మొదలుపెట్టాడు. ఏ వీధిలో తనచుట్టూ జనం మూగేవారో అదే వీధిలో తిరిగాడు. 1865 తరవాత నలభై ఒక్క ఏళ్ళు! వెనకటి సంపద మళ్ళీ రాలేదు, మర్యాద మాత్రం దళారుల్లో నిలిచింది. తన దానంతో లేచిన గోపురం రోజూ గంటలు కొడుతుంటే దాని కిందనుంచి నడిచి వెళ్ళే మనిషి మనసులో ఏముండేదో ఊహించుకోవడం నా చేతకాదు. ఆ గంటలు మొదట్లో పదహారు రకాల పాటలు వాయించేవి, ఇంగ్లీషు రాజ్యగీతంతో సహా. 1906 ఆగస్టు 31న ఆయన పోయాడు. గోపురం బాగా శిథిలమైతే ఈ మధ్య, గత దశాబ్దంలో మరమ్మతు చేయించారు. 2018లో ఓవల్ చుట్టూ ఉన్న ఈ కట్టడాలన్నిటినీ యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది.

ఆ సాయంత్రం బస్సు అరగంట ఆలస్యమైంది. గడియారం పావుగంటకొకసారి మోగుతుంటే రెండుసార్లు విన్నాను. ఇంతలో మా నాన్న ఫోను చేశాడు. ఆ ఏడు మా పత్తి కొన్న ఒక కమీషన్ వ్యాపారి తేమ ఎక్కువుందని తరుగు తీసి, మిగిలిన డబ్బు కూడా వాయిదాలమీద వాయిదాలు వేస్తున్నాడు. ఆ కబురే చెప్పబోయి, నేను ఎక్కడున్నానని అడిగాడు. పత్తిడబ్బుతో కట్టిన గోపురం కింద అన్నాను. ఎంత ఎత్తు, ఎవరు కట్టారు అని అడగలేదు. ధర ఎంత ఉండేదట అన్నాడు. అప్పటికి లెక్చరర్‌గారు చెప్పిన మేరకు, నాలుగయిదు రెట్లు పెరిగిందట, నాలుగేళ్ళు నిలిచిందట అని చెప్పాను. అయిదో ఏడు ఏమయింది అని అడిగాడు. పడిపోయిందట అన్నాను. కాసేపు ఫోనులో చేలో గాలిచప్పుడు వినిపించింది. తరవాత, దుక్కికి ట్రాక్టరు వచ్చింది, మళ్ళీ చేస్తానని పెట్టేశాడు.